వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌కి మన సీఎస్ఎస్: ఎందుకు, ఎంతవరకు

తెలుగు వార్తల సైటు పెట్టించుకునే వాళ్ల ధ్యాస, డబ్బు రెండూ పాఠకుడికి కనిపించే పేజీ మీదే ఉంటాయి. బ్రేకింగ్ పట్టీ ఏ రంగులో ఉండాలి, హోమ్ పేజీలో ఎన్ని వార్తలు కనపడాలి, ఫోన్‌లో ఫొటో ఎంత వేగంగా రావాలి అంటూ మీటింగుల మీద మీటింగులు పెడతారు. ఆ పేజీ మీద పాఠకుడు ఉండేది రెండు మూడు నిమిషాలు. డెస్క్‌లో సబ్‌ఎడిటర్ మాత్రం షిఫ్టు మొదలు నుంచి చివరిదాకా డబ్ల్యూపీ-అడ్మిన్‌లోనే, అంటే సైటు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో వార్తలు రాసి, దిద్ది, ప్రచురించే లోపలి తెర దగ్గరే ఉంటాడు. ఆ తెర ఎలా ఉందని అతణ్ణి అడిగినవాళ్లు నాకు ఇంతవరకు తారసపడలేదు. పైన పటారం, లోన లొటారం అన్నది సగం తెలుగు సైట్లకు అక్షరాలా వర్తిస్తుంది.

అడ్మిన్‌కి సొంత స్టైల్‌షీట్ (తెర మీద రంగులు, అక్షరాల సైజులు ఎలా ఉండాలో చెప్పే సీఎస్ఎస్ నియమాల ఫైలు) అనగానే క్లయింట్లు అడిగేవి ఎప్పుడూ ఒకటే: లాగిన్ పేజీలో మా లోగో పెట్టండి, మెనూకి మా కంపెనీ రంగు వేయండి, కింద వర్డ్‌ప్రెస్ పేరు తీసేయండి. ఇవి చేయడం తేలికే, బిల్లు వేయడం ఇంకా తేలిక. పనిచేసే మనిషికి వీటివల్ల ఒరిగేదేమీ లేదు. అడ్మిన్‌కి రాసే సీఎస్ఎస్ అక్కడ రోజంతా తెలుగు చదివి, దిద్ది, ప్రచురించే మనిషి కళ్ల కోసం రాయాలన్నది నా వాదన. అది కొద్దిగానే ఉండాలి. రేపు పొద్దున ఆ ఫైలు ఎవరైనా తొలగించినా తెర కాస్త అందం తగ్గాలే గానీ, సైటు భద్రతకు వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఈ రెండో షరతు దగ్గరే చాలామంది బోల్తా పడుతున్నారు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు రంగుల మాట తేల్చేద్దాం. వర్డ్‌ప్రెస్‌లో ప్రతి యూజర్ ప్రొఫైల్లోనూ రంగుల స్కీములు తయారుగా ఉన్నాయి. కాఫీ, ఓషన్, మిడ్‌నైట్, సన్‌రైజ్ లాంటి పేర్లతో ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చు. కంపెనీ రంగు కావాలని పట్టుబడితే కొత్త స్కీమును రిజిస్టర్ చేసే ఫంక్షన్ కూడా కోర్‌లోనే (వర్డ్‌ప్రెస్ అసలు కోడ్‌లోనే) ఉంది. అంటే దీనికోసం ఎడమవైపు మెనూలో ప్రతి భాగం ఐడీనీ పట్టుకుని, మిగతా నియమాలను తోసిరాజనే ఆజ్ఞగా ఇంపార్టెంట్, ఇంపార్టెంట్ అని రాసుకుంటూ పోనక్కర్లేదు. మెనూ, బార్ల మీద నేను రంగు వాడే చోటు ఒక్కటే. స్టేజింగ్ సైటులో (మార్పులు ముందుగా పరీక్షించుకునే నకలు సైటులో) పైనున్న అడ్మిన్ బార్ ఎర్రగా ఉంటుంది. 5.5 వెర్షన్‌ (2020) నుంచి సైటు ఏ ఎన్విరాన్‌మెంట్‌లో ఉందో చెప్పే ఫంక్షన్ వచ్చింది కాబట్టి, లైవ్ కాకపోతే బార్ ఎర్రగా మార్చు అని ఒక షరతు రాస్తే సరిపోతుంది. రెండు ట్యాబులు పక్కపక్కన తెరిచి లైవ్ అనుకోకుండా లైవ్‌లో పోస్టు డిలీట్ చేసే ప్రమాదాన్ని ఈ ఎరుపు ఎన్నిసార్లు తప్పిస్తుందో ఆ పని చేసేవాళ్లకు తెలుసు.

ఇక అసలు కథ అక్షరాలది.

వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌లో మామూలు అక్షరం సైజు 13 పిక్సెళ్లు, లైన్ హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) 1.4. ఇంగ్లీషుకి ఇది ఇరుకే అయినా నడుస్తుంది. తెలుగులో అదే 13 పిక్సెళ్లలోనే తలకట్టు, గుడి పైకి వెళ్లాలి, ఒత్తు కిందికి దిగాలి. పోస్టుల జాబితాలో ‘రాష్ట్రంలో విస్తృతంగా వర్షాలు’ అన్న శీర్షిక రెండు లైన్లుగా విరిగిందనుకోండి. పై లైనులోని ‘ష్ట్ర’ కింద ఉన్న ఒత్తులు కింది లైను గుడులకు దాదాపు తగులుతుంటాయి. ఏది ‘ష్ట’, ఏది ‘ష్ట్ర’ అన్నది చూసి కాకుండా అలవాటు కొద్దీ చదువుకుంటాం. ప్రూఫ్ చూసేవాడికి ఇంతకంటే అపాయం ఏముంది? ఇప్పటికీ క్లాసిక్ ఎడిటర్ (వర్డ్‌ప్రెస్ పాత రాత తెర) వాడే డెస్కులు చాలా ఉన్నాయి. అక్కడ శీర్షిక పెట్టె ఎత్తు అక్షరం సైజుకి 1.7 రెట్లు, లైన్ హైట్ 100 శాతం. లాటిన్ లిపిని మనసులో పెట్టుకుని వేసిన లెక్క అది. కొన్ని ఫాంట్లలో అడుగు ఒత్తు పెట్టె అంచుకి తెగినట్టే కనిపిస్తుంది.

ఫాంటు సంగతి ఇంకా తమాషా. 2013 డిసెంబరులో 3.8 వెర్షన్‌తో అడ్మిన్ రూపమంతా మారింది. ఎంపీ6 అనే ప్లగిన్‌గా (వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించే కోడ్‌గా) బయట పెంచిన డిజైన్‌ని కోర్‌లో కలిపారు. దాంతోపాటు ఓపెన్ సాన్స్ ఫాంటు గూగుల్ నుంచి దిగడం మొదలైంది. అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. అంటే అడ్మిన్‌లో తెలుగు చదివినవాళ్లలో చాలామంది తమకు పనికిరాని ఫాంటుని దించుకుని, తెలుగుని మాత్రం బ్రౌజర్ దయ మీద చదువుకున్నారు. 2016లో 4.6 వెర్షన్‌తో దాన్ని తీసేసి, కంప్యూటర్లో ఉన్న సిస్టమ్ ఫాంట్లనే వాడటం మొదలుపెట్టారు. ఆ వరసలో సెగో యూఐ, రోబోటో, ఉబుంటు, హెల్వెటికా న్యూ ఉన్నాయి. తెలుగు ఫాంటు పేరు ఇక్కడా లేదు. కాబట్టి విండోస్ 8 తర్వాతి మెషీన్లలో నిర్మలా యూఐ, మ్యాక్‌లో కోహినూర్ తెలుగో తెలుగు సంగమో, ఆండ్రాయిడ్‌లో నోటో, ఆఫీసులో ఓ మూల మిగిలిపోయిన పాత విండోస్ మెషీన్‌లో గౌతమి. ఒకే డెస్క్‌లో నలుగురికి నాలుగు రకాలుగా కనపడుతుంది. గౌతమిలో 13 పిక్సెళ్ల తెలుగు ఎంత సన్నగా, ఎంత చిన్నగా ఉంటుందో చదివినవాళ్లకు చెప్పనవసరం లేదు.

క్లాసిక్ స్థానంలో వచ్చిన కొత్త రాత తెర, బ్లాక్ ఎడిటర్. దాని కుడివైపు ప్యానెల్‌లో ఇంకో చిక్కు ఉంది. అక్కడి చిన్న చిన్న లేబుళ్లు 11 పిక్సెళ్లలో, అన్నీ క్యాపిటల్ అక్షరాల్లో వచ్చేలా రాశారు. ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరం చిన్న అక్షరం కంటే నిలువుగా పెద్దది కాబట్టి 11లోనూ కళ్లకు ఆనుతుంది. తెలుగుకి క్యాపిటల్స్ లేవు. అప్పర్‌కేస్ ఆజ్ఞ తెలుగు మీద పనిచేయదు, 11 మాత్రం పనిచేస్తుంది. చివరికి మనకు మిగిలేది చీమ తలకాయంత లేబుల్. ఆ డిజైనర్ల తప్పని నేననను. వాళ్ల ముందు తెలుగు తెర లేదు, మన ముందు ఉంది. దిద్దుకోవాల్సింది మనమే.

ఎలా దిద్దుకోవాలి? చాలామంది మొదట చేసే పని బాడీ ఫాంట్ సైజుని 13 నుంచి 16కి పెంచేయడం. దాంతో బటన్లు ఉబ్బుతాయి, కాలమ్‌లు కిందికి జారుతాయి, ప్లగిన్ల సెట్టింగుల పేజీలు ఎక్కడికక్కడ చెదురుతాయి. ఇంగ్లీషు అక్షరాలూ అనవసరంగా పెద్దవవుతాయి. ఇంతకంటే మేలైన దారి ఒకటుంది. ఫాంట్-ఫేస్ నియమంలో ఒక కొత్త పేరు పెట్టి, దానికి మెషీన్‌లో ఉన్న నిర్మలా యూఐనో నోటోనో లోకల్‌గా చూపించండి. యూనికోడ్-రేంజ్‌లో (ఆ ఫాంటు ఏ అక్షరాలకు వర్తించాలో చెప్పే చోట) తెలుగుకు కేటాయించిన 128 స్థానాల వరసనీ, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్‌నీ రాయండి. ఆ తర్వాత సైజ్-అడ్జస్ట్ అనే లక్షణానికి 112 శాతమో 115 శాతమో ఇవ్వండి. ఇది క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌ల 92వ వెర్షన్ల నుంచి, సఫారీ 17 నుంచి పనిచేస్తుంది. ఇప్పుడు ఈ పేరుని ఫాంటు వరసలో అన్నిటికంటే ముందు పెట్టినా ఇంగ్లీషు అక్షరాల జోలికి వెళ్లదు, ఎందుకంటే దాని పరిధి తెలుగు వరకే. 13 పిక్సెళ్ల చోట తెలుగు మాత్రం పదిహేనుకి దగ్గరగా కనపడుతుంది, లేఅవుట్ దాదాపు కదలదు. బ్లాక్ ఎడిటర్ భాగాలు కొన్ని తమ ఫాంటు వరసని విడిగా ప్రకటించుకుంటాయి, అక్కడ మళ్లీ ఒకసారి చెప్పాలి. దీనికి తోడు జాబితాలోని శీర్షికలకు లైన్ హైట్ 1.7, క్లాసిక్ శీర్షిక పెట్టెకు ఎత్తు ఆటో, ప్యానెల్ లేబుళ్లకు 13. అంతే. వెబ్‌ఫాంట్ దించాల్సిన పని కూడా లేదు. అడ్మిన్‌లో అందమైన ఫాంటు కోసం ప్రతి తెరకీ అదనపు డౌన్‌లోడ్ పెట్టడం, జిల్లా కేంద్రంలో ఫోన్ హాట్‌స్పాట్ మీద వార్త పంపే విలేకరి నెత్తిన బరువు పెట్టడమే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అడ్మిన్ భాష తెలుగులో ఉంటే వర్డ్‌ప్రెస్ బాడీ ట్యాగుకి లొకేల్-టీఈ అనే క్లాస్ (నియమాలు పట్టుకోవడానికి పెట్టే గుర్తు పేరు) తగిలిస్తుంది. తెలుగుకి మాత్రమే వర్తించే నియమాలన్నీ దాని కింద రాయొచ్చని పుస్తకం చెబుతుంది. వాస్తవం వేరు. నాకు తెలిసిన డెస్కుల్లో ఎక్కువమంది మెనూలు ఇంగ్లీషులోనే ఉంచుకుంటారు. ‘పబ్లిష్’, ‘డ్రాఫ్ట్’, ‘క్యాటగిరీ’ అన్నవి వాళ్లకు నోటికి వచ్చిన మాటలు. మెనూ ఇంగ్లీషు, లోపల రాసేది తెలుగు. 4.7 నుంచి ఎవరి అడ్మిన్ భాష వాళ్లు ఎంచుకునే వీలుంది కాబట్టి ఒకే సైటులో ఒకరిది తెలుగు, పక్కవారిది ఇంగ్లీషు కావచ్చు. అప్పుడు లొకేల్ క్లాస్ మీద ఆధారపడ్డ నియమాలు సగం మందికి అసలు చేరవు. భాషను అడ్మిన్ సెట్టింగులో కాకుండా అక్షరంలోనే గుర్తుపట్టే యూనికోడ్-రేంజ్ పద్ధతిని నేను పట్టుకుని వేలాడేది ఇందుకే.

‘కంట్రోల్ ప్లస్ కొట్టుకుంటే పోయేదానికి ఇంత హంగామా ఎందుకు?’ అని అడిగినవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. జూమ్ పెంచితే అక్షరంతో పాటు మెనూ, మార్జిన్లు, కుడి ప్యానెల్ అన్నీ పెరుగుతాయి. డెస్క్‌లో ఉండేవి పెద్ద మానిటర్లేమీ కావు. 125 శాతానికి వెళ్లేసరికి జాబితాలో ఇరవై వార్తలు కనపడాల్సిన చోట పదహారుకి మించి కనపడవు. రాత్రి ఎడిషన్ ఒత్తిడిలో స్క్రోల్ చేయడం కూడా పనే. పైగా జూమ్ ఎవరి బాధ వాళ్లు పడటం, స్టైల్‌షీట్ అయితే అందరి బాధ ఒకసారి తీర్చడం.

అక్షరాల తర్వాత నేను ఒప్పుకునే రెండో రకం పని, డెస్క్ చూపుకి ఆనవాళ్లు పెట్టడం. పోస్టుల జాబితాలో ప్రతి వరుసకీ స్టేటస్-పెండింగ్, స్టేటస్-డ్రాఫ్ట్ లాంటి క్లాసులు వర్డ్‌ప్రెస్ తనంతట తానే పెడుతుంది. పెండింగ్ వరుసలకు లేత పసుపు నేపథ్యం ఒక్క నియమంతో వస్తుంది. విలేకర్లు పంపి, ఎవరూ తెరవని వార్తలు జాబితాలో ఎక్కడున్నాయో షిఫ్టు ఇన్‌చార్జికి కుర్చీలో కూర్చోగానే తెలుస్తుంది. శీర్షిక పక్కన పెండింగ్ అన్న మాట ఎలాగూ ఉంటుంది కాబట్టి రంగు తేడా పట్టలేనివాళ్లకూ నష్టం లేదు.

ఇంకోటి జిల్లాల గొడవ. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. తెలంగాణలో 33. జిల్లాకొక క్యాటగిరీ పెట్టుకున్న సైటులో, వాటికి సినిమా, క్రీడలు, బిజినెస్ కలిపితే జాబితా ఎంత పొడుగో ఊహించుకోండి. క్లాసిక్ ఎడిటర్‌లో ఆ క్యాటగిరీల పెట్టె ఎత్తు 200 పిక్సెళ్లు దాటదు. ఒకసారికి పదో పరకో కనపడతాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి వైఎస్సార్ కడప దాకా మౌసు చక్రం తిప్పుతూ వెతకాలి. తొందరలో పైనున్న ఏదో ఒకటి టిక్ చేసి వదిలేస్తారు, ములుగు వార్త ముంబై పేజీలో తేలుతుంది. ఆ 200ని 520 చేయడం ఒక్క లైను పని. అడ్మిన్ సీఎస్ఎస్ అంటే నా దృష్టిలో ఇదీ.

రాసిన సీఎస్ఎస్‌ని ఎక్కడ పెట్టాలన్నది తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో వాదనకు పెద్దగా చోటు లేదు. కస్టమైజర్‌లో అడిషనల్ సీఎస్ఎస్ అనే పెట్టె ఉంది, అది బయటి పేజీలకే. అందులో రాసి, అడ్మిన్ మారలేదేమిటని తల పట్టుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. డబ్ల్యూపీ-అడ్మిన్ ఫోల్డర్‌లోని కోర్ ఫైళ్లను నేరుగా దిద్దితే తర్వాతి అప్‌డేట్‌తో కొట్టుకుపోతుంది. థీమ్ ఫంక్షన్స్ ఫైలులో పెడితే థీమ్ మార్చిన రోజు పోతుంది. ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డర్‌లో చిన్న పీహెచ్‌పీ ఫైలు పెట్టి, అందులో అడ్మిన్ ఎన్‌క్యూ స్క్రిప్ట్స్ హుక్‌కి (మన కోడ్ తగిలించుకోవడానికి వర్డ్‌ప్రెస్ ఇచ్చే కొక్కేనికి) మన స్టైల్‌షీట్ తగిలించడం సరైన పద్ధతి. ఆ ఫోల్డర్‌లోవి వాటంతటవే లోడ్ అవుతాయి, ప్లగిన్ల పేజీలో ఎవరూ పొరపాటున డీయాక్టివేట్ చేయలేరు. ఆ హుక్ మనం ఏ తెర మీద ఉన్నామో కూడా చెబుతుంది. జాబితా నియమాలు జాబితా తెరకే, ఎడిటర్‌వి ఎడిటర్‌కే పంపండి. వెర్షన్ నంబరు స్థానంలో ఫైలు మారిన సమయాన్ని ఇస్తే, ‘మాకు ఇంకా పాతదే కనపడుతోందండీ’ అన్న ఫోన్లు తగ్గుతాయి. లాగిన్ పేజీకి హుక్ వేరే.

బ్లాక్ ఎడిటర్ దగ్గర మాత్రం జాగ్రత్త. రాసే కాన్వాస్ ఇప్పుడు చాలా సందర్భాల్లో ఒక ఐఫ్రేమ్, అంటే పేజీ లోపల ఇమిడ్చిన విడి పేజీ. సైట్ ఎడిటర్‌లో మొదట వచ్చింది, 2023లో 6.3 నుంచి పోస్టు ఎడిటర్‌లోనూ, బ్లాకులన్నీ మూడో ఏపీఐ వెర్షన్‌లో ఉంటే, కాన్వాస్ ఐఫ్రేమ్‌లోకి వెళ్తుంది. బయట తగిలించిన స్టైల్‌షీట్ దాని గోడ దాటదు. మన ఫాంట్-ఫేస్ ప్యానెళ్లలో కనపడి, రాసే చోట కనపడకపోతే కారణం ఇదే. ఎన్‌క్యూ బ్లాక్ అసెట్స్ హుక్‌తోనో, థీమ్‌లో యాడ్ ఎడిటర్ స్టైల్‌తోనో దాన్ని లోపలికి పంపాలి. ఆ మొదటి హుక్ బయటి పేజీల్లోనూ నడుస్తుంది కాబట్టి అడ్మిన్‌లో ఉన్నామా అన్న షరతు మరిచిపోకండి.

ఇప్పుడు ముందు వాయిదా వేసిన సంగతికి వస్తాను. అడ్మిన్ సీఎస్ఎస్‌లో ఎక్కువగా కనిపించే లైను ఏదంటే రంగులదీ కాదు, ఫాంట్లదీ కాదు. డిస్‌ప్లే నన్, అంటే దీన్ని తెర మీద చూపించకు అన్న ఆజ్ఞ.

ఒక సైటు సంగతి చెబుతాను, పేరు అనవసరం. జిల్లాల్లో విలేకర్లకు వార్త రాసి పంపే వీలు కావాలి, ఫొటో ఎక్కించే వీలు కావాలి, ప్రచురించే వీలు ఉండకూడదు. వర్డ్‌ప్రెస్‌లో కంట్రిబ్యూటర్ రోల్‌కి రాసే హక్కు ఉంది, ఫొటో ఎక్కించే హక్కు లేదు. సైటు కట్టినవాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, విలేకర్లందరికీ ఎడిటర్ రోల్ ఇచ్చేశారు. ఆ తర్వాత పబ్లిష్ బటన్‌నీ, పేజీల మెనూనీ, కామెంట్లనీ సీఎస్ఎస్‌తో కనపడకుండా చేశారు. తెర చూస్తే అంతా పద్ధతిగా ఉంది. తాళం వేయాల్సిన తలుపుకి కర్టెన్ కట్టి వెళ్లిపోవడమంటే ఇదే. ఎడిటర్ రోల్ ఉన్నవాడు ఇతరుల పోస్టులు తొలగించగలడు, ప్రచురించిన పేజీలు మార్చగలడు. మల్టీసైట్ (ఒకే వర్డ్‌ప్రెస్‌లో అనేక సైట్లు నడిపే ఏర్పాటు) కాని సైటులో అయితే పోస్టులో స్క్రిప్ట్ ట్యాగులు పెట్టే హక్కు కూడా ఆ రోల్‌కి ఉంది. ఇవన్నీ సర్వర్ ఇచ్చిన హక్కులు. బ్రౌజర్ తెర మీద బటన్ కనపడకపోయినంత మాత్రాన సర్వర్ వాటిని వెనక్కి తీసుకోదు. అడ్రస్ బార్‌లో చిరునామా కొడితే పేజీ తెరుచుకుంటుంది. జాబితాలో క్విక్ ఎడిట్ దాచడం మరిచిపోతే అందులోంచే ప్రచురించవచ్చు. వీటన్నిటినీ మించి, విలేకరి ఫోన్లో వర్డ్‌ప్రెస్ యాప్ వేసుకుంటే చాలు. యాప్ సర్వర్‌తో నేరుగా మాట్లాడుతుంది, అడ్మిన్ స్టైల్‌షీట్ దాని కంట పడనే పడదు. దాచిన పబ్లిష్ బటన్ అక్కడ నిక్షేపంగా ఉంటుంది. ఎవరో ఒకరి పాస్‌వర్డ్ బయటికి పొక్కితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అక్కడ చేయాల్సింది కంట్రిబ్యూటర్ రోల్‌కి ఫొటో ఎక్కించే ఒక్క హక్కు కలపడం. డేటాబేసులో ఒకసారి రాస్తే నిలిచిపోతుంది. మెనూలో అనవసరమైనవి తీయాలంటే అందుకు పీహెచ్‌పీలో ఫంక్షన్ ఉంది. అది కూడా మెనూలోంచి తీస్తుందే గానీ పేజీకి తాళం వేయదన్నది గుర్తుంచుకోవాలి. తాళం ఎప్పుడూ క్యాపబిలిటీ (రోల్‌కి ఇచ్చే హక్కు) దగ్గరే. హక్కులు సరిగ్గా పెట్టాక, ఇంకా చిందరవందరగా ఉంది కాబట్టి ఒకటి రెండు పెట్టెలు సీఎస్ఎస్‌తో దాచారంటే నాకు పేచీ లేదు. మొదట చెప్పిన షరతు ఇక్కడ పరీక్ష పెడుతుంది. ఫైలు తీసేసి విలేకరి లాగిన్‌తో లోపలికి వెళ్లండి. చేయకూడని పని ఒక్కటైనా చేయగలిగితే ఆ సైటు తప్పుగా కట్టినట్టే.

నోటీసుల విషయంలో నాకు కాస్త సానుభూతి ఉంది. ప్లగిన్లు వేసే గోల భరించడం కష్టం. ప్రో వెర్షన్ కొనండి, ఐదు నక్షత్రాలు ఇవ్వండి, పండగ ఆఫర్ ఇంకో రెండు రోజులే అంటూ ప్రతి తెర పైభాగాన్నీ ఆక్రమిస్తాయి. విసుగొచ్చి ఎవరో ఒకరు నోటీస్ క్లాస్ మొత్తానికీ డిస్‌ప్లే నన్ పెడతారు. ప్రశాంతంగా ఉంటుంది. కానీ వర్డ్‌ప్రెస్ చెప్పాల్సిన మాటలు కూడా ఆ దారినే వస్తాయి. సెట్టింగు సేవ్ అయింది, ఫలానా ప్లగిన్ ఆగిపోయింది, క్లాసిక్ ఎడిటర్‌లో అయితే కనెక్షన్ పోయింది కాబట్టి సేవ్ చేయడం ఆపేశాం అన్న హెచ్చరిక. ఊళ్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉండే చోట గంటసేపు రాసిన మనిషికి ఆ చివరి మాట కనపడకపోతే ఎంత ఘోరం! దాచాలనుకుంటే ఆ ప్లగిన్ ప్రకటన పెట్టె క్లాస్ ఏమిటో చూసి దాన్ని మాత్రమే దాచండి. ఇంకా మంచిది, అలాంటి ప్లగిన్‌ని తీసేయడం. అప్‌డేట్ నోటీసుల విషయంలో అయితే దాచడమే తప్పు. అడ్మినిస్ట్రేటర్ కానివాళ్లకు వాటిని ఆపాలంటే హుక్ దగ్గరే ఆపవచ్చు.

కొద్దిగా రాయాలని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం, అడ్మిన్ హెచ్‌టీఎంఎల్ ఇలాగే ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు. 2008లో 2.7 వచ్చినప్పుడు మెనూ పైనుంచి ఎడమవైపుకి మారింది. 3.8తో రూపం, 2018లో 5.0తో ఎడిటర్ మారిపోయాయి. 2021లో 5.7 రంగులన్నింటినీ కుదించి ఏడు వర్ణాల కింద 56 ఛాయలకు తెచ్చింది. ప్రతిసారీ ఎవరో ఒకరి అడ్మిన్ థీమ్ ప్లగిన్ కుప్పకూలింది. బ్లాక్ ఎడిటర్‌లోని కొన్ని క్లాస్ పేర్లు బిల్డ్ సమయంలో పుట్టే అర్థంలేని అక్షరాల గుత్తులు, వెర్షన్ మారితే మారిపోతాయి. వాటిని పట్టుకుని నియమం రాస్తే ఎన్నాళ్లు నిలుస్తుందో దేవుడికే తెలియాలి. బాడీ క్లాసులు, ఎప్పటినుంచో ఉన్న ఐడీలు, అడ్మిన్ థీమ్ రంగు ఇచ్చే సీఎస్ఎస్ వేరియబుల్ కాస్త నమ్మదగినవి.

ఆశపడకూడని పనికి ఒక ఉదాహరణ ఎడమ మెనూ వెడల్పు. 160 పిక్సెళ్లు. తెలుగులో పెట్టుకుంటే పేర్లు పొడుగై రెండో లైనుకి విరుగుతాయి, 200 చేద్దామనిపిస్తుంది. మెనూకి, దాని వెనక నేపథ్యానికి, చుట్టూ ఉన్న పెట్టెకి విడివిడిగా వెడల్పు మార్చాలి. కుడివైపు కంటెంట్‌కి, ఫుటర్‌కి మార్జిన్ మార్చాలి. పక్కకి తెరుచుకునే ఉపమెనూలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పాలి. మెనూ ముడిచినప్పుడు, ఫోన్‌లో చూసినప్పుడు ఇవన్నీ పనిచేయకుండా జాగ్రత్తపడాలి. తర్వాత బ్లాక్ ఎడిటర్ తెరిస్తే అది తన 160ని తాను విడిగా లెక్కేసుకుని మెనూ కిందికి దూరుతుంది. రెండు లైన్లకు విరిగితే విరగనివ్వండి. లైన్ హైట్ సరిగ్గా ఉంటే రెండు లైన్ల మెనూ పేరు ఎవరినీ ఇబ్బంది పెట్టదు.

సైట్లు కట్టడానికి వాడే మిగతా సిస్టమ్‌లు ఈ అవసరాన్ని కొంచెం ముందుగానే ఒప్పుకున్నాయి. జూమ్లా అడ్మిన్ టెంప్లేట్ అటమ్‌లో యూజర్ డాట్ సీఎస్ఎస్ అనే పేరుతో ఫైలు పెడితే దానంతట అదే ఎక్కించుకుంటుంది. ద్రూపల్‌లో అడ్మిన్‌కి వేరే థీమ్ అన్నది చాలాకాలంగా ఉన్న అలవాటు, 2022లో డిఫాల్ట్‌గా వచ్చింది క్లారో. జాంగో 3.2తో అడ్మిన్ రంగులన్నీ సీఎస్ఎస్ వేరియబుల్స్‌లోకి వచ్చాయి, నాలుగు విలువలు మారిస్తే తెరంతా మారుతుంది. వీటిల్లోనూ తెలుగు అక్షరం సైజు సమస్య మాత్రం అచ్చం ఇలాగే ఉంది, ఆ యూనికోడ్-రేంజ్ నియమం అన్నిచోట్లా పనికొస్తుంది.

నిజానికి ఇందులో సగం పని మన సైట్లలో ఉండాల్సింది కాదు. వర్డ్‌ప్రెస్ కోర్‌లోనే భాషల వారీ సవరణలకు ఎల్10ఎన్ పేరుతో ఒక సీఎస్ఎస్ ఫైలుంది. చైనీస్‌లో ఇటాలిక్ తీసేయడం, హీబ్రూ అక్షరాల సర్దుబాటు, జర్మన్, రష్యన్ మాటల పొడుగుకి తగ్గట్టు వెడల్పులు పెంచడం లాంటివి అందులో ఉన్నాయి. ఆయా భాషలవాళ్లు అడిగి, చేసి, పెట్టించుకున్నవి. జాబితా లైన్ హైట్, క్లాసిక్ శీర్షిక పెట్టె ఎత్తు, 11 పిక్సెళ్ల లేబుల్ అనే మూడింటికీ లొకేల్-టీఈ కింద ఓ పది లైన్లు అందులో చేరితే, కనీసం తెలుగు అడ్మిన్ వాడేవాళ్లకు ఎవరి ప్లగిన్ అవసరమూ ఉండదు. అలాంటి మార్పు అడగడానికి ట్రాక్‌లో (వర్డ్‌ప్రెస్ లోపాలు, మార్పుల వినతులు నమోదు చేసే సైటులో) టికెట్ తెరవాలి. టికెట్‌కి కావాల్సింది విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్ మూడింట్లోనూ ఒకే శీర్షికతో తీసిన స్క్రీన్‌షాట్లు, సవరణకు ముందు ఒకటి, తర్వాత ఒకటి. ‘రాష్ట్ర’ ఉన్న శీర్షిక ఎంచుకుంటే తెలుగు రాని రివ్యూయర్‌కి కూడా తేడా కనపడుతుంది. మ్యాక్, విండోస్ స్క్రీన్‌షాట్లు నా దగ్గర ఉన్నాయి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లో అడ్మిన్ వాడే విలేకర్లు ఎవరైనా ఇది చదువుతుంటే కింద రాయండి.